ఎర్రగడ్డ ఓపీలో ఒక ఉదయం

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రైతుబజారు కాదు, మెట్రో స్టేషనూ కాదు, మానసిక ఆసుపత్రి. పిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకోవడానికీ ఆ పేరే వాడతారు. అక్కడికి మేనల్లుణ్ణి తీసుకెళ్తానంటే మా తమ్ముడు “బయట ఎవరికీ చెప్పకక్కా” అన్నాడు. ఇది రాయమన్నది మాత్రం ఆ పిల్లవాడే.

వాడిది బీటెక్ ఆఖరి సంవత్సరం. చదువులో ముందుంటాడు. గ్రూప్ డిస్కషన్ ఉందంటే మాత్రం ముందు రోజు నుంచే అన్నం సహించదు. క్యాంపస్ ఇంటర్వ్యూలు వదిలేశాడు. ఇంట్లో అందరం సిగ్గరి, వయసొస్తే అదే పోతుంది అనుకుంటూ వచ్చాం. సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో మాట్లాడాలంటే భయం) అనే ఈ జబ్బు ఎక్కువగా పదేళ్లు దాటిన ఈడులోనే మొదలై, చికిత్స లేకపోతే ఏళ్ల తరబడి ఉండిపోతుందని మాకు తెలియదు.

ముందు ప్రైవేటులో వెదికాం. అపాయింట్‌మెంటుకు ఎక్కడైనా ఫోన్ చేసి, కొత్తవాళ్లతో మాట్లాడి, సమస్య ఏమిటో చెప్పాలి. వాడు చేయలేనిది సరిగ్గా అదే. ఒకచోట ధైర్యంగా ఉండాలని ఉపదేశించి ఫీజు తీసుకున్నారు. కౌన్సెలర్ అన్న బోర్డు ఒక్కటే చూసి నమ్మడానికి లేదు. క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడంలో తప్పేమీ లేదు.

చివరికి ఎర్రగడ్డకే వెళ్లాం. ఓపీ చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. టిఫిన్ క్యారియరుతో జిల్లా నుంచి వచ్చిన తల్లి, యూనిఫాంలో ఉన్న కండక్టరు, ఒక ముసలి జంట... బస్సులో రోజూ మన పక్కన కూర్చునే మనుషులే. అంతమంది మధ్య కూర్చోవడమే మావాడికి పరీక్ష. “వెళ్లిపోదాం అత్తా” అన్నాడు. చేయి పట్టుకున్నాను. ఉన్నాడు.

సైకియాట్రిస్టు ఈ భయం ఆరు నెలలు దాటిందా, నిద్ర ఎలా ఉంది, దీనివల్ల ఏయే పనులు ఆగాయి అని అడిగారు. మందులూ ఉన్నాయి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ముందు థెరపీ చూద్దాం అని సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఆవిడ ఉపదేశం చేయలేదు, కాగితం ఇచ్చారు. భయపెట్టే పనులన్నీ రాసి, ఒక్కోదానికి నూటికి ఎంత భయమో వేయమన్నారు. క్యాంటీన్లో ఇంకాస్త సాంబారు అడగడానికి 30. క్లాసులో సందేహం అడగడానికి 70. గ్రూప్ డిస్కషన్‌కు 100. కింది మెట్టు నుంచి మొదలు. మొదటి వారం పని, కిరాణా కొట్లో ధర అడిగి ఏమీ కొనకుండా వచ్చేయడం. “గొంతు వణుకుతోందా అని నిన్ను నువ్వు గమనించుకోకు. ఎదుటివాళ్లేం చెబుతున్నారో విను. ఫోన్లో తల దూర్చకు” అన్నారు. ఈ పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. ఈ భయానికి బాగా పరీక్షకు నిలిచిన చికిత్స ఇదే. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు ఇది చేస్తారా, ఇంటిదగ్గర చేసే అభ్యాసాలు ఇస్తారా అని అడగాలి.

వాడు ఇప్పుడు సాంబారు అడుగుతున్నాడు. గ్రూప్ డిస్కషన్ ఇంకా దూరంలోనే ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే ఆ మొదటి ఫోన్ మీరు చేయండి, వాళ్లు చేయాలని ఎదురుచూడకండి. టెలి మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.