మువ్వ నుంచి మిడిల్‌టౌన్ దాకా

పోయిన సంవత్సరం వార్షికోత్సవం అయిపోయాక పార్కింగ్ లాట్‌లో ఒక తల్లి నన్ను ఆపి, "మాస్టారూ, కారులో పిల్లలకి వినిపించడానికి మంచి తెలుగు పాటల లిస్టు ఒకటి రాసిస్తారా? సినిమా పాటలు కాకుండా" అని అడిగారు. "దానికేం భాగ్యం, వచ్చే ఆదివారానికల్లా ఇస్తాను" అన్నాను. ఆ ఆదివారం వెళ్ళింది, ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్ళాయి. ఆవిడ మర్యాదస్తురాలు కనక మళ్ళీ అడగలేదు. ఇప్పుడు సావనీరుకి ఏదైనా రాయమని కమిటీవారు పట్టుకుంటే, రెండు బాకీలూ ఒక్కసారే తీరిపోతాయని ఒప్పుకున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు సంగీతం రాదు. రికార్డు అట్ట మీద చూసి రాగం పేరు చెప్పే రకం నేను. నాకు తెలిసిందల్లా ఆ రికార్డులు ఎక్కడ ఉంటాయో. హార్ట్‌ఫర్డ్ నుంచి అరగంట దూరంలో, మిడిల్‌టౌన్‌లో, వెస్లియన్ యూనివర్సిటీవారి ఓలిన్ లైబ్రరీ ఉంది. అందులో వరల్డ్ మ్యూజిక్ ఆర్కైవ్స్ అని ఒక విభాగం ఉంది. అక్కడికి నేను సంగీతం మీద ప్రేమతో వెళ్ళలేదు. మా అమ్మ పోరు పడలేక వెళ్ళాను.

అమ్మ 2003లో శీతాకాలం నాలుగు నెలలూ మా దగ్గర ఉంది. రావద్దు, వేసవిలో రా అంటే వినలేదు. తీరా వచ్చాక కిటికీ దగ్గర కూర్చుని మంచు చూడటం, కూరలు తరగడం, తరుగుతూ ఒక పాట కూనిరాగం తీయడం, ఇదే పని. ఆ పాట క్షేత్రయ్య పదం. అమ్మ పుట్టిల్లు కూచిపూడి పక్కన పల్లెటూరు. అక్కడి నుంచి క్షేత్రయ్య ఊరు మువ్వకి నడిచి వెళ్ళచ్చు. అమ్మకి పల్లవి వచ్చు, అనుపల్లవి వచ్చు, చరణం సగం వచ్చు. మిగతా సగం వచ్చేసరికి "తననా తననా" అని నింపేసేది.

ఆ సగం ఎందుకు పోయిందో చెప్పాలి. అమ్మకి తొమ్మిది పదేళ్ళప్పుడు ఊళ్ళో ఒక ముసలావిడ ఉండేది. కళావంతుల కుటుంబం. అప్పటికి మేజువాణీలు పోయాయి, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం చేశాక గుళ్ళో మేళాలూ పోయాయి. ఆవిడ పిండివంటలు చేసి అమ్ముకుని బతికేది. అమ్మ అరిసెల వంకతో వెళ్ళి ఆవిడ దగ్గర పాట నేర్చుకునేది. ఒకరోజు మా తాతయ్య చెవిన పడింది. సంసారుల ఇంటి పిల్ల పదాలు పాడటమేమిటని వీధి గుమ్మంలోనే నాలుగు తగిలించాడట. పాఠం అక్కడితో ఆగిపోయింది. అరిసెలు కూడా ఆగిపోయాయని అమ్మ నవ్వుతూ చెప్పేది.

"మీ అమెరికాలో అన్నీ దొరుకుతాయంటారుగా, నా చరణం వెతికిపెట్టు" అంది ఒకరోజు. ఇంటర్నెట్‌లో వెతికాను. అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు. ఆఫీసులో ఒక మిత్రుడు, మిడిల్‌టౌన్‌లో మృదంగం నేర్పుతారు, అక్కడి లైబ్రరీలో మనవాళ్ళ పాటలు ఉంటాయేమో చూడు అన్నాడు.

ఇక్కడ ఒక చిట్కా. ఏ యూనివర్సిటీ కేటలాగులో వెతికినా ఒకే స్పెల్లింగుతో వెతికి ఊరుకోకండి. త్యాగరాజు ఒకచోట 'టి వై'తో, ఒకచోట 'టి హెచ్ వై'తో ఉంటాడు. కర్ణాటక సంగీతం ఒకచోట 'సి', ఇంకోచోట 'కె'. క్షేత్రయ్య సంగతి మరీ ఘోరం, ఆయన క్షేత్రజ్ఞుడు కూడా కాబట్టి ఎన్ని రకాలుగా రాయచ్చో అన్ని రకాలుగానూ ఉంటాడు. ఓపిక లేకపోతే కౌంటర్‌లో ఉన్నవాళ్ళని అడగండి. లైబ్రేరియన్లు ప్రశ్న కోసం కాచుకుని ఉంటారు.

ఒక శనివారం అమ్మని, ఆరేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. దారిపొడుగునా అమ్మ సందేహం ఒకటే. "అరవ వాళ్ళు పాడినవే ఉంటాయిరా. వాళ్ళ నోట్లో మన మాటలు నలిగిపోతాయి." మా అమ్మే కాదు, మనలో చాలామంది అనే మాటే ఇది. నేను కూడా అన్నాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. బృంద, ముక్త అక్కచెల్లెళ్ళు పాడిన పదం మొదలైన రెండు నిమిషాలకి అమ్మ, "ఒరేయ్, నెమ్మది చూశావా! ముసలావిడ ఇలాగే పాడేది!" అని లైబ్రరీ అంతా దద్దరిల్లేలా అరిచింది. చదువుకుంటున్న పిల్లలు తలలెత్తారు. "అమ్మా, మెల్లిగా" అని నేను, "నువ్వు ఊరుకో" అని ఆవిడ. తర్వాత మాట్లాడలేదు. చీర చెంగు చేతిలో పట్టుకుని కూర్చుంది.

అమ్మ పదం మాత్రం ఆ రోజు దొరకలేదు. కానీ ఆ పాటలు అక్కడికి ఎలా చేరాయన్నది మాత్రం తెలిసింది, రికార్డు అట్టలూ అక్కడి పుస్తకాలూ చదివితే. మద్రాసులో వీణ ధనమ్మాళ్ అని గొప్ప విదుషీమణి ఉండేవారు. 1938లో పోయారు. క్షేత్రయ్య పదాలకి ఆవిడ ఇల్లు ఖజానా. బృంద, ముక్త ఆవిడ మనవరాళ్ళు. నాట్యానికి పేరుపడ్డ బాలసరస్వతి కూడా ఆవిడ మనవరాలే. ఆ బాలసరస్వతి 1962లో వెస్లియన్‌కి వచ్చి పాఠం చెప్పారు. ఆవిడ తమ్ముడు రంగనాథన్ మృదంగం చెప్పడానికి 1963లో వచ్చారు. ఇంకో తమ్ముడు, వేణువు విశ్వనాథన్ గారు, 2002లో పోయేదాకా అక్కడే ఆచార్యులు. అంటే మేము వెళ్ళడానికి ఏడాది ముందు వరకూ ధనమ్మాళ్ మనవడు మా ఇంటికి అరగంట దూరంలో ఉన్నారన్నమాట. నేను అప్పటికి ఐదేళ్ళుగా ఆ దారినే ఆఫీసుకి వెళ్తున్నాను.

ఇది చెప్తే అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. కారెక్కాక, "వాళ్ళు దాచుకున్నారు. మనం తన్ని మాన్పించాం" అంది.

సరే, లిస్టు.

చిన్నపిల్లలకి మొదట జాన్ హిగ్గిన్స్ వినిపించండి. ఈయన 1939లో మసాచుసెట్స్‌లో పుట్టిన తెల్లదొర. వెస్లియన్‌లో చదువుకుంటూ విశ్వనాథన్ గారి దగ్గర నేర్చుకుని, మద్రాసు వెళ్ళి, తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనలో కూడా పాడి, హిగ్గిన్స్ భాగవతార్ అనిపించుకున్నారు. శ్రీరాగంలో ఉన్న పంచరత్న కృతి ఆయన పాడినది నా క్లాసులో ఒకసారి పెట్టి, పాడేది ఏ ఊరాయనో చెప్పుకోండి చూద్దాం అన్నాను. ఒకడు తంజావూరన్నాడు, ఒకమ్మాయి విజయవాడ అంది. ఫోటో చూపిస్తే క్లాసులో పది నిమిషాలు గోల. 'ళ' పలకడం మా వల్ల కాదు మాస్టారూ, మేం ఇక్కడ పుట్టాం అనే వాదన ఆ తర్వాత నా క్లాసులో వినపడలేదు. హిగ్గిన్స్ 1984 డిసెంబర్‌లో మిడిల్‌టౌన్‌లోనే, కుక్కని తీసుకుని నడకకి వెళ్ళినప్పుడు, ఎవరో కారుతో గుద్ది ఆగకుండా పోతే చనిపోయారు. అది పిల్లలకి చెప్పలేదు.

మాటలు స్పష్టంగా వినపడాలంటే మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు. ఆయన గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టి మన నీళ్ళు తాగిన మనిషి. విజయవాడ రేడియోలో భక్తిరంజని విని పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రామదాసు భాష కూడా తేలిక. జైల్లో కూర్చుని దేవుడి మీద కోపం తెచ్చుకున్నవాడి మాటలు పిల్లలకి ఇట్టే పట్టుబడతాయి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి అన్నమయ్య సంకీర్తనలు ఎలాగూ మీ ఇంట్లో ఉండే ఉంటాయి కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

పెద్దవాళ్ళకైతే రామనాథపురం కృష్ణన్ గారి 'విద్వాన్'. న్యూయార్క్‌లో నాన్‌సచ్ కంపెనీవారు 1968లో వేసిన రికార్డు ఇది. మృదంగం రంగనాథన్. మొదటిసారి వింటే ఏం ఉందిలే ఇందులో అనిపిస్తుంది. ఆయన గొంతెత్తి మెప్పించే రకం కాదు. కారులో వినకండి, హైవే మోతలో సగం వినపడదు. రాత్రి పిల్లలు పడుకున్నాక వినండి. నాకు మూడోసారికి రుచి తెలిసింది.

పాట అక్కర్లేదు, వాద్యం చాలంటే ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్. లేదా షేక్ చినమౌలానా నాదస్వరం. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన ముస్లిం. శ్రీరంగంలో స్థిరపడి రాముడి కీర్తనలు వాయించినాయన. మన పిల్లలకి ఇండియా గురించి రకరకాల వార్తలు చేరుతున్న ఈ రోజుల్లో ఈయన సంగతి కూడా ఒకటి చేరితే బాగుంటుంది.

ఇక క్షేత్రయ్య పదాలు. వినిపించండి కానీ అర్థం చెప్పబోయే ముందు మీరు ఒకసారి చదువుకోండి. అవన్నీ శృంగారం. నాయిక చెలికత్తెతో చెప్పుకునే మాటలు. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు "నాయనమ్మా, ఆ అమ్మాయికి ఎందుకు కోపం?" అని అడిగితే అమ్మ, "వాళ్ళాయన ఇంటికి లేటుగా వచ్చాడే" అంది. అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు.

ఇవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా, లైబ్రరీ దాకా ఎందుకంటారా? చాలామటుకు ఉన్నాయి, నిజమే. అక్కడే వినండి. కానీ పాత ఎల్పీల వెనక ఉండే రాతలు అందులో ఉండవు. ఎవరు ఎవరి శిష్యులు, పాట ఎవరి ఇంటిది, అర్థం ఏమిటి, పెద్ద పండితులు ఓపిగ్గా రాసినవి. పైగా యూనివర్సిటీల్లో జరిగిన కచేరీల టేపులు ఏ కంపెనీ వెయ్యలేదు. మీ ఊళ్ళో యూనివర్సిటీ ఉంటే ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి. పాత టేపులైతే ముందే తీసి ఉంచాలి కాబట్టి చెప్పి వెళ్ళడం మంచిది. నాకున్న వెలితి ఒక్కటే. కృష్ణా, గోదావరి జిల్లాల కళావంతులు పాడిన పదాలు, ఆ ముసలావిడ లాంటివాళ్ళ గొంతు, ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా నా కంటపడలేదు.

అమ్మ ఇండియా వెళ్ళిపోయాక ప్రతి ఫోన్‌లోనూ చివర్న "నా చరణం దొరికిందా?" అని అడిగేది. లేదమ్మా, చూస్తున్నా అనేవాణ్ణి. నిజానికి చూడటం లేదు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల సాకర్. అమ్మ 2011లో పోయింది. ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది, ఖాళీ కేసెట్లు ఉండేవి. నాలుగు నెలల్లో ఒక్కరోజు బటన్ నొక్కితే సరిపోయేది.

2014లో దొరికింది. వేరే దేనికోసమో వెతుకుతుంటే, స్పెల్లింగ్ మార్చి కొట్టినప్పుడు తగిలింది. కాంభోజిలో, అమ్మ పాడిన పదమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పల్లవి, అనుపల్లవి, ఒక్క చరణం. అంతే. పదాల్లో చరణాలు ఎన్ని ఉన్నా కచేరీలో సాధారణంగా ఒక్కటే పాడతారని తర్వాత తెలిసింది. అమ్మ తనకి పాటలో చాలా భాగం రాకుండా పోయిందని జీవితమంతా బాధపడింది. పోయింది రెండు లైన్లు. ఆ రెండు లైన్లూ కాగితం మీద రాసుకుని ఇంటికి వచ్చాను.

పోయిన థాంక్స్‌గివింగ్‌కి మా అమ్మాయి ఇంటికి వచ్చింది. ఉద్యోగం చేస్తోంది, తెలుగు అంతంత మాత్రం. వంటింట్లో బీన్స్ తుంచుతూ ఆ పదం ఎత్తుకుంది. అదే నెమ్మది, అదే చోట ఆగడం. చరణం సగంలోకి వచ్చాక "తననా తననా" అంది. నేను సొరుగులోంచి కాగితం తీసి, ఇదిగో అసలు మాటలు అని చూపించాను. చదివింది, తప్పుల్లేకుండా చదివింది కూడా, మన బడి పుణ్యమా అని.

"కానీ నాన్నా, నాయనమ్మ పాడింది ఇలా కాదు" అని కాగితం ఫ్రిజ్ మీద పెట్టి, మళ్ళీ తననాతోనే ఎత్తుకుంది.