మూడో ఆడమనిషి

ఆన్ బోనీ, మేరీ రీడ్. ఈ రెండు పేర్లు మన హాస్టళ్లలో చాలామందికి తెలుసు, కానీ చరిత్ర పుస్తకాల వల్ల కాదు. 2013లో వచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్: బ్లాక్ ఫ్లాగ్’ గేమ్‌లో ఇద్దరూ ఉన్నారు. మేరీ మొదట జేమ్స్ కిడ్ అనే కుర్రాడిలా కనిపిస్తుంది, తర్వాత అసలు సంగతి బయటపడుతుంది. ‘వన్ పీస్’ చూసేవాళ్లకి జ్యువెలరీ బోనీ తెలుసు, ఆ పేరూ ఈ బోనీదే. నేనూ ఆ దారిలోనే వచ్చాను ఈ కథలోకి.

మగవేషం ట్విస్ట్ గేమ్ వాళ్లు కనిపెట్టింది కాదు. 1724లో లండన్‌లో కెప్టెన్ చార్లెస్ జాన్సన్ అనే మారుపేరుతో సముద్రపు దొంగల చరిత్ర ఒకటి అచ్చయింది. అందులో కథ మన పాత సినిమా లెవెల్లో ఉంటుంది. మగవేషంలో ఉన్న మేరీ మీద బోనీ మనసు పారేసుకుంటుంది. నేనూ ఆడదాన్నే అని మేరీ చెప్తుంది. బోనీ ప్రియుడు కెప్టెన్ రాకమ్ కుళ్లుకుని, నీ కొత్త ప్రియుడి పీక కోస్తానంటాడు. చివరికి అతనికీ గుట్టు విప్పాల్సి వస్తుంది. మూడొందల ఏళ్లుగా నవలలు, సినిమాలు, గేమ్‌లు ఈ కోడ్‌నే కాపీ పేస్ట్ చేసుకుంటున్నాయి.

కానీ అంతకన్నా పాత రికార్డు ఉంది. 1720 నవంబరులో జమైకాలో వీళ్ల మీద విచారణ జరిగింది, ఆ వివరాలు 1721లోనే అచ్చయ్యాయి. అందులో ఇద్దరు ఫ్రెంచివాళ్ల సాక్ష్యం నాకు భలే నచ్చింది. వేరే ఓడని తరిమేటప్పుడు, దాడి చేసేటప్పుడు వీళ్లు మగబట్టలు వేసుకునేవాళ్లట, మిగతా టైంలో ఆడబట్టలే. అంటే ఆ ఓడలో అందరికీ తెలుసు! పైగా బహమాస్ గవర్నర్ వుడ్స్ రోజర్స్ అదే ఏడు సెప్టెంబరులో ఇచ్చిన ప్రకటనలో, ముఠాలో ఇద్దరు ఆడవాళ్లున్నారని పేర్లతో సహా ఉంది. ఊరంతా తెలిసిన దాన్ని జాన్సన్ గుట్టు చేశాడు. ప్యాంటు ఎవర్నో మోసం చెయ్యడానికి కాదు, పని కోసం అని నా లెక్క. వర్క్‌షాప్ ల్యాబ్‌లో లేత్ దగ్గరికి చున్నీతో రావద్దంటారు కదా, అలాగన్నమాట.

1725 డచ్చి అనువాదం వచ్చేసరికి బొమ్మల్లో ఇద్దరి చొక్కాలూ తెరిచేశారు. చేతిలో కత్తి ఉంది, ఛాతీ మీద బట్ట లేదు. దాడికి అలా ఎవరైనా వెళ్తారా?

నవ్వొస్తుంది గానీ, పోయిన సెమిస్టర్లో మేం నలుగురు అమ్మాయిలం ఒక హ్యాకథాన్‌లో రెండో ప్రైజ్ గెలిచాం. ఫస్ట్ వచ్చిన అబ్బాయిల్ని యాంకర్ వాళ్ల ప్రాజెక్ట్ పేరుతో స్టేజి మీదకి పిలిచాడు. మమ్మల్ని ‘బ్యూటీ విత్ బ్రెయిన్స్’ అని పిలిచాడు. మా ప్రాజెక్ట్ ఏంటో ఆ రోజు మైకులో ఎవరూ చెప్పలేదు. (బస్సు ఎంత లేటో అంచనా వేసే యాప్. ఇక్కడైనా రాసుకుంటా.)

చైనాలో ఇంకొకావిడ ఉంది, జెంగ్ యీ సావో. ఆ మాటకర్థమే జెంగ్ యీ భార్య అని, మన ఊళ్లలో ‘ఫలానా వారి ఆవిడ’ అన్నట్టు. 1807లో భర్త పోయాక వందల ఓడల ముఠాని చేతిలోకి తీసుకుని, 1810లో ప్రభుత్వంతో బేరమాడి లొంగిపోయి, 1844 దాకా బతికింది. అయినా పేరు మాత్రం ఆయనదే.

ఈమధ్య కథలు వీళ్లని స్వేచ్ఛకి గుర్తుగా చూపిస్తున్నాయి. నాకూ ఇష్టమే. కాకపోతే ఆ విచారణలో మూడో ఆడమనిషి ఉంది, డొరతీ థామస్. చిన్న పడవలో సరుకులు, తిండిసామాన్లు వేసుకుని వెళ్తుంటే రాకమ్ ముఠా దోచుకుంది. బోనీ, మేరీ మగవాళ్ల కోట్లు, పొడుగు ప్యాంట్లు వేసుకుని, తలకి రుమాళ్లు కట్టుకుని, కత్తి, పిస్తోలు పట్టుకున్నారని ఆమె చెప్పింది. తనని చంపెయ్యమని, లేకపోతే రేపు సాక్ష్యం చెప్తుందని మగవాళ్లని తిట్టారట. వాళ్లు చంపలేదు. ఈమె కోర్టుకొచ్చి చెప్పింది. ఇద్దరికీ ఉరి పడింది, కడుపుతో ఉన్నామనడంతో ఆగింది. మేరీ 1721లో జైల్లోనే చనిపోయింది.

నేను ఆడిన గేమ్‌లో డొరతీ లేదు. ఆమెని పెడితే బోనీని ప్లేయర్‌కి నచ్చేలా చెయ్యడం కష్టం మరి. ఈసారి టీమ్‌కి ‘బోనీ అండ్ రీడ్’ అని పేరు పెడదామంటోంది మా రూమ్మేట్, టీషర్టులు కూడా డిజైన్ చేసేసింది. నేనింకా సరే అనలేదు. డొరతీ పడవలో ఆ రోజు ఏం మిగిల్చారా అని ఆలోచిస్తున్నా.