పాతిక అక్షరాలు

మా ఆఫీసు అకౌంట్స్ అంతా ఒక పాత సర్వర్ మీదే నడుస్తుంది. 2013 నాటి వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ 5.5. అది బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ ఇవాళో రేపో అన్నట్టుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాలంటే లైసెన్స్ కీ కావాలి. లేకపోతే 60 రోజుల ట్రయల్. ఆ తర్వాత నడుస్తున్న వర్చువల్ మెషీన్లు నడుస్తాయి గానీ, ఒక్కసారి ఆపామా, ఇక లేవవు.

కీ వచ్చింది మా పాత అడ్మిన్ మెయిల్‌కి. రెండేళ్ల క్రితం ఆయన్ని తీసేసిన రోజే ఆ మెయిల్‌బాక్స్‌నీ తీసేశారు. తీసేశారు కాదు, తీసేశాను. పైనుంచి చెప్పారు, నేను నొక్కాను.

ఆయనకి ఫోన్ చెయ్యడం తప్పించుకోవడానికి మూడు రోజులు బీరువాలు, బిల్లులు, రాక్ వెనక స్టిక్కర్లు అన్నీ గాలించాను. నాలుగో రోజు చేశాను.

"మెషీన్ ఇంకా బతికే ఉందా?"

"ఉంది సార్."

"మరి దాన్నే అడగొచ్చు కదయ్యా!"

లాగిన్ చేయించి, ఒక లైను కమాండు స్పెల్లింగుతో సహా చెప్పారు. 'సీరియల్' అన్న మాట పక్కన, అయిదేసి చొప్పున పాతిక అక్షరాలు.

"కాగితం మీద రాసి రాక్‌కి అంటించు. నీ తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది."

అంటించాను. ఎలా ఉన్నారు సార్ అని మాత్రం అడగలేదు.