మొదటి దెబ్బలోనే డప్పు

ఇస్మాయిల్‌ఖాన్‌పేట చేరేసరికి ముసురు పట్టింది. దుర్గాభవాని అమ్మవారి గుడి ఉన్న ఊరు ఇది. బరాత్‌లకు, బోనాలకు ప్యాడ్ బ్యాండ్ వాయించే ఒక యువకుణ్ణి కలవడానికి వచ్చాను. పగలు పటాన్‌చెరులో కంపెనీ డ్యూటీ, రాత్రి ఈ రేకుల గదిలో సాధన.

"వీణ ఇనుండ్రి సార్," అంటూ కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కాడు. ఖంగుమని మోగింది. 'అటాక్' గుండీ కాస్త తిప్పి అదే మెట్టు మళ్లీ నొక్కాడు. ఈసారి స్వరం మెల్లగా ఉబ్బుతూ వచ్చింది. "ఇప్పుడు చెప్పుండ్రి, ఇదేంది?" ఫిడేలో హార్మోనియమో తేల్చుకోలేకపోయాను. తీగ మీటిన తొలి చప్పుడు పోగానే వీణా పోయింది.

ఈ కీబోర్డు ఒక సింథసైజర్, ధ్వనిని ఇలా మలచడమే దాని పని అంతా. లోపల విద్యుత్ తరంగం సెకనుకు 440 సార్లు ఊగితే ఒక స్వరం పుడుతుంది. ఆ తరంగం రంపపు పళ్లలా ఉంటే రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో ఊగే పైస్వరాలూ దానిలో కలిసే ఉంటాయి. ఫిల్టర్ వాటిని వడకడుతుంది. అతను 'కటాఫ్' తగ్గించగానే పక్కింట్లో తలుపేసి వాయిస్తున్నట్టు మోత మెత్తబడింది. ఇక ధ్వని ఎంత త్వరగా లేవాలి, లేచాక ఎంత వేగంగా తగ్గాలి, ఎక్కడ నిలవాలి, వేలు తీశాక ఎంతసేపటికి ఆరిపోవాలి అన్న నాలుగూ వాయించేవాడి చేతిలోనే ఉంటాయి.

వీటిలో చెవి గట్టిగా పట్టుకునేది మొదటిదాన్నే. 1987లో రోలాండ్ కంపెనీ తెచ్చిన డీ-50 సింథసైజర్ ఈ కిటుకు మీదే నడిచింది. అప్పట్లో మెమరీ ఖరీదు. అందుకని అసలు వాద్యం తొలి చప్పుడును మాత్రం చిన్న ముక్కగా రికార్డు చేసి, మిగతా స్వరాన్ని యంత్రం చేత పుట్టించి అతికారు. వినేవాళ్లకు ఆ ముక్క చాలింది.

ఈ సంగతి ఇతనికి డప్పు నేర్పింది. తండ్రి డప్పును రికార్డు చేసి ప్యాడ్‌లో పెట్టుకున్నాడు. కొట్టగానే పలకాలని దెబ్బకు ముందున్న ఖాళీని కత్తిరించాడు. దాంతోపాటు చిర్ర కర్ర చర్మాన్ని తాకే 'టక్' కూడా తెగిపోయింది. సెకనులో నూరో వంతు ఉంటుందేమో. "బాపు ఇని, డబ్బా కొట్టినట్టున్నదిరా అన్నడు సార్." పోయిన ముక్కను తిరిగి కలిపాకే డప్పు పలికింది.

రబ్బరు ప్యాడ్ కింది సెన్సర్ దెబ్బ బలాన్ని కొలుస్తుంది. మెల్లటిది, నడిమిది, గట్టిది అని మూడు దెబ్బలు ఎక్కించాడు. బలాన్ని బట్టి వాటిలో ఒకటి పలుకుతుంది. "అయినా బాపు లెక్క రాదు సార్. ఆయనకు ఏ దెబ్బకా దెబ్బ కొత్తదే."

వాకిట్లో చూరు కింద తండ్రి గడ్డిమంట వేసి డప్పు కాస్తున్నాడు. ముసురుకు వదులైన చర్మం వేడికి బిగుసుకుంటోంది. వేలితో తట్టి విని, మళ్లీ మంటకు చూపించాడు. "నువ్వు పట్టింది ఎండకాలం డప్పు. వానల ఇంకో తీరు పల్కుతది. ఇది గూడ పట్టుకోరా," అన్నాడు.

కొడుకు మైకు తెచ్చి చూరు కింద పెట్టాడు. ఈసారి దెబ్బకు ముందు కాస్త ఖాళీ ఉంచుతానన్నాడు.