తర్వాత ఏమయింది?

మొన్న సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఊరు వెళ్ళాను. హోసూరు నుంచి బాగలూరు దారిలో ఉంటుంది మా పల్లె. అమ్మ, తమ్ముడి కుటుంబం అక్కడే ఉంటున్నారు. పండుగ పూట టీవీ మోగుతూనే ఉంది. కాలేజీలో చదివే మా అమ్మాయి, తమ్ముడి కొడుకు ఏదో ఇంగ్లీషు సినిమాను తెలుగు డబ్బింగులో చూస్తున్నారు. రెక్కల గుర్రాలు, నిప్పులు కక్కే పాములు, మంత్రదండాలు.

అమ్మ కాసేపు చూసి, "ఇదంతా మన చందమామలో ఉండేదే కదమ్మీ. ఆ కట్ట ఇంకా అటక మీదే ఉండాది" అంది.

చందమామ 1947లో మద్రాసు నుంచి తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. నా చిన్నప్పుడు పక్కింటి తమిళ స్నేహితుడు అంబులిమామ తెప్పించేవాడు. బొమ్మలు అవే, అక్షరాలే వేరు. వీరుడు కష్టంలో ఉండగా సీరియల్ ఆగిపోయేది. మళ్ళీ సంచిక వచ్చేదాకా అతణ్ణి తప్పించే ఉపాయాలు మేమిద్దరం కలిసి వెతికేవాళ్ళం. ఆ సీరియళ్ళు రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారని పెద్దయ్యాక గాని తెలియలేదు. కథ మీద ఆయన పేరు ఉండేది కాదు.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలైనప్పుడు నేను బి.కాం. చదువుతున్నాను. మా వీధికంతా ఒకటే టీవీ. ఆదివారం పొద్దున అందరం దాని ముందు చేరేవాళ్ళం. మాటలన్నీ హిందీలో ఉండేవి. మాలో ఒక్కరికీ హిందీ రాదు. మా అవ్వ ముందు వరుసలో కూర్చుని తెలుగులో చెప్పేది. రాముడు నోరు విప్పకముందే ఆయన అనబోయేది ఈమె అనేసేది. బొమ్మ టీవీది, మాట అవ్వది.

టీవీ వచ్చి చదువును మింగేసిందని నేనూ చాలాసార్లు అన్నాను. ఇప్పుడు అలా అనలేను. 1995 నుంచి తెలుగు చానళ్ళు వచ్చాక మనలాంటి వాళ్ళ ఇళ్ళలో రోజంతా తెలుగు వినిపించింది. బదిలీల మీద ఊరూరా తిరిగిన మా అమ్మాయికి ఈ మాత్రం తెలుగు మాటలు వచ్చాయంటే సగం పుణ్యం టీవీదే. అక్షరాలు నేర్పవలసింది నేను. తీరిక లేదన్నాను. తమ్ముడి కొడుకు సంగతి వేరు. 2006 చట్టంతో ఇక్కడి బడుల్లో ఒకటో తరగతి నుంచీ తమిళం తప్పనిసరి అయింది. వాడికి చెప్పుకోవడానికి ఒక కారణముంది. నాకు అదీ లేదు.

అటక మీది కట్ట దించాను. మా అమ్మాయి బొమ్మలు తిప్పి చూసి, "బాగున్నాయి నాయనా. ఏం రాసుందో చదివి చెప్పు" అంది. ఇంగ్లీషులో ఇంతలావు మాయల పుస్తకాలు రెండు రోజుల్లో ముగించే పిల్ల, తన భాషలో పిల్లల పత్రిక ఇంకొకరి చేత చదివించుకోవలసి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడు రాత్రులు 'శిథిలాలయం' చదివాను. పిల్లలిద్దరూ టీవీ ఆపి విన్నారు. మూడో రాత్రి ఒక భాగం అయిపోయాక చూస్తే తర్వాతి సంచిక లేదు.

"తర్వాత ఏమయింది?" అన్నారిద్దరూ.

నాకు గుర్తు లేదు. పక్క గదిలోంచి అమ్మ అందుకుంది. కళ్ళలో పొర వచ్చి ఆమె చదవడం మానేసి నాలుగేళ్ళయింది. అరగంట సేపు కథ చెప్పింది. అచ్చులో ఉన్నది అదేనని నేననుకోను. మధ్యలో మా ఊరి చెరువూ, పాలేరు ముసలాయనా కూడా వచ్చారు. పిల్లలు మాత్రం కదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయి ఆ కట్ట తన సంచిలో పెట్టుకుంది. రోజుకు ఐదు అక్షరాలు నేర్పాలని ఒప్పందం. బ్యాంకులో ఎందరి బాకీలో వసూలు చేశాను. నా బాకీ ఇన్నేళ్ళకు కట్టడం మొదలుపెట్టాను. గుణింతాలు పూర్తయ్యాయి, ఒత్తుల దగ్గర తడబడుతోంది.

నిన్న అవ్వకు ఫోన్ చేసి నాలుగు వాక్యాలు కూడబలుక్కుని చదివింది. రెండు తప్పులు దొర్లాయి. అమ్మ వాటిని దిద్దలేదు.

"తర్వాత ఏమయింది, చదువమ్మీ" అంది.