సంచి ఇచ్చినాక

2025 జూన్ 28, శనివారం

అంగన్‌వాడీ సెక్టారు మీటింగు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఒకటో తారీఖు నుంచి ముఖం పడితేనే సరుకు. పోషణ్ ట్రాకర్ యాప్‌లో తల్లి ముఖం తీయాల, అది ఆధార్ ఫొటోతో కలవాల, అప్పుడే కిట్టు ఇచ్చినట్టు లెక్క. దేశమంతా ఇదే నియమం. దొంగలెక్కలు ఆగుతాయని సూపర్‌వైజర్ మేడం చెప్పింది. కాదనను. లేని పిల్లల పేర్ల మీద గుడ్లు, పాలు పోయిన కాలం నేనూ చూసిందే. అయితే ముందు ఈ-కేవైసీ కావాల, దానికి ఓటీపీ రావాల. మా ఊళ్ళో ఓటీపీ వచ్చే ఫోను మొగుడి జేబులో ఉంటుంది. ఆ మొగుడు బెంగుళూరులో ఏ బిల్డింగు మీదనో ఉంటాడు.

జూలై 1, మంగళవారం

సెంటర్లో సిగ్నల్ రాదు, రచ్చకట్ట కాడ వస్తుంది. అందరినీ అక్కడికే పిలిపించినా. ఒక్కొక్కరు ఫోను ముందర నిలబడి కళ్ళు ఆర్పాల. బడి పక్కింటి కోడలు ఆధార్ తీయించుకున్నప్పుడు ఆరో తరగతి, రెండు జడలు. ఇప్పుడు ఏడో నెల. ముఖం ఉబ్బింది, కళ్ళ కింద నల్లగా ఉంది. ఫోను ఒప్పుకోలేదు. కొంగు తీసి చూసినాం, ఎండకు తిరిగి చూసినాం. "నేను నేను కాదంటాంది ఇది, టీచరక్కా" అని నవ్వింది. ఆఖరుకు చెట్టు నీడలోకి జరిగితే పడింది.

ఆయమ్మ సంచులు కట్టి పెట్టింది. బియ్యం 3 కిలోలు, కందిపప్పు కిలో, నూనె అర లీటరు, పాలు 5 లీటర్లు, గుడ్లు 25. ఇంకో సంచిలో రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం. గుడ్లు ఈసారి మరీ చిన్నవి. తూచి రిజిస్టర్లో రాసినా. బండి తెచ్చిన పిల్లోడు "నాకేం తెలుసు మేడం" అని సంతకం పెట్టించుకొని పోయినాడు.

జూలై 3, గురువారం

ఇండ్లు తిరిగినా. ఆ ఏడో నెల పిల్ల ఇంటికి పోయేసరికి వాళ్ళత్త ఉడికిన గుడ్డును దారంతో కోస్తాంది. కత్తితో కోస్తే పచ్చసొన కత్తికే అంటుకుంటుందంట. మామకు సగం, పెద్ద పిల్లోనికి సగం. కోడలి తట్టలో రాగిసంగటి, ఊరిబిండి.

"అమ్మా, గుడ్డు ఆ పాపకు కదా ఇచ్చింది" అన్నా.

"ముసలాయప్పకు దగ్గు తగ్గలేదు. పిల్లోడు నోరు తెరుచుకొని చూస్తాండాడు. వాళ్ళ ముందర కూర్చోని ఇదొక్కతే ఎట్ల తింటాదో నువ్వే చెప్పు టీచరమ్మా."

ఏం చెప్పేది? ఆమె గయ్యాళి కాదు. కోడలికి రాత్రిపూట కాళ్ళు నొక్కేది ఆమే. ఉన్నదాన్ని అందరికీ పంచడమే ఆమెకు తెలిసిన న్యాయం. 2013 ఆహార భద్రతా చట్టం లెక్కన కడుపుతో ఉన్న మనిషికి ఈ సరుకు నుంచి రోజుకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీను అందాల. ఆ లెక్క ఒక మనిషికి. సంచి దిగేది నలుగురు తినే పొయ్యి పక్కన.

చట్టం వచ్చిన ఆ ఏడే అమృతహస్తం పథకం వచ్చింది. సెంటర్లో చాపలు పరిచి వరసగా కూర్చోబెట్టేవాళ్ళం. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మా కళ్ళ ముందరే తిని, ఐరన్ మాత్ర మింగి పోయేవాళ్ళు. అక్కడా బాధలు లేకపోలేదు. కలుపుకు పోయిన మనిషి పన్నెండు గంటలకు చేను వదిలి రాలేదు. "మా ఇంట్లో కూడు లేదా" అని అలిగిన అత్తలున్నారు. ఫలానా వాళ్ళ పక్కన కూర్చోం అన్నవాళ్ళూ ఉన్నారు; కొన్నాళ్ళకు ఆకలి వాళ్ళను కూర్చోబెట్టింది. కరోనా వచ్చి చాపలు చుట్టేసింది. 2020 సెప్టెంబరులో సంపూర్ణ పోషణ అన్నారు, 2023 జూలై నుంచి మళ్ళీ సరుకు ఇంటికే. తర్వాత బాలసంజీవని అన్నారు. గోడ మీద పేరు తుడిచి రాసే పని మాత్రం ఆగలేదు.

నన్నడిగితే చాపలే మేలు. చేనుకు పోయే వాళ్ళకు క్యారియర్ కట్టిస్తే సరిపోయేది. ఎవరూ అడగరు గాని.

జూలై 7, సోమవారం

పీర్ల పండగ అయిపోయింది. గూగూడు కుళ్ళాయిస్వామి మొక్కులకని బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ పిల్లల్ని తూచడానికి నాకు ఇదే అదను.

పోయినేడు చెనిక్కాయ ఎండిపోయినాక వలసపోయిన ఇంటి బిడ్డ, పధ్నాలుగు నెలలు. జబ్బకు టేపు చుడితే 11.2 సెంటీమీటర్లు. 11.5కు లోపల అంతా ఎర్రగీతే. తల్లి టేపు రంగు చూసి, ఇంకోసారి చుట్టమంది. చుట్టినా. అదే. ఇక్కడే ఉండి ఉంటే ఏడో నెల నుంచి రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్లు అందేవి. ఆ నెలల్లో బిడ్డ సిమెంటు సంచుల పక్కన ఉయ్యాలలో ఉంది.

కర్ణాటకలో 2017 గాంధీ జయంతి నుంచి మాతృపూర్ణ అని కడుపుతోళ్ళకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే వేడి భోజనం. పోయినావా అని అడిగినా.

"యాడుందో ఎవురు చెప్తారక్కా? మేస్త్రీ షెడ్డు దాటనియ్యడు. మా కార్డు ఈడిది గదా."

ఏఎన్ఎంను పిలిపించి చూపించినా. వాపు లేదు, జ్వరం లేదు, పెట్టింది తింటాంది. అనంతపురం పెద్దాసుపత్రికి పంపే పని లేదు, ఇంటి దగ్గరే పెట్టి బాగుచేయొచ్చు, వారం వారం తూచాల అంది. ఇట్లాంటి బిడ్డకు మామూలు 500 కేలరీలకు బదులు 800 ఇమ్మని చట్టంలోనే ఉంది. నా దగ్గర ఇవ్వడానికి సరుకు ఉంది. వాళ్ళు మాత్రం గురువారం బస్సుకు టికెట్లు తీసుకున్నారు. నిలబెట్టి నాలుగు మాటలన్నా. మొగుడు తల దించుకొని, "అడ్వాన్సు తీసుకున్నాం టీచరమ్మా" అన్నాడు.

జూలై 10, గురువారం

పోయినారు. బాలామృతం ప్యాకెట్టు సంచిలో పెట్టించినా. ఫోన్లో "వలస" అని నొక్కితే ఇక్కడి లెక్కలోంచి బిడ్డను తీసేసినట్టే, అక్కడ ఎవరైనా చేర్చుకోవాల. చేర్చుకునే సెంటర్ తెలిసేదాకా నొక్కకుండా పెట్టుకున్నా. మేడం అడుగుతుంది. అడగనీ. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసి రోడ్డు మీద కూర్చున్నవాళ్ళం, ఎస్మా కూడా చూసినవాళ్ళం. అప్పుడు జీతం 11,500. ఈ మాత్రం దానికి భయమేమి.

జూలై 13, ఆదివారం

తమ్ముడు తెచ్చిన కరువుల పుస్తకం చదివినా. 1876లో మొదలైన ధాత కరువు. అప్పటికి మాది బళ్ళారి జిల్లా, అనంతపురం వేరయింది 1882లో. కరువు పనికొచ్చిన మగ మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ దొర తేల్చినాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ డాక్టరు దాంతో పనిచేసే మనిషి బతకడని గట్టిగా కొట్లాడి, తర్వాతి ఏడు పెంచేదాకా వదల్లేదు. మనిషికి ఎంత కూడు కావాలో లెక్క కట్టి సర్కారుతో జగడం ఆడినాడని ఆయన మీద గౌరవం కలిగింది. అప్పుడూ ఈ రెండు పద్ధతులే: క్యాంపులో వండి పెట్టడం, ఊళ్ళో చేతికి డబ్బివ్వడం. ఏది మేలనేది వాళ్ళకూ తెగలేదు.

జూలై 24, గురువారం

బెంగుళూరు పోయిన ఆ బిడ్డ తల్లి ఫోన్ చేసింది. మేస్త్రీ భార్యను బతిమాలి బయటికి పోయి, షెడ్డుకు రెండు వీధుల అవతల అంగన్‌వాడీ కనుక్కున్నదంట. అక్కడి టీచరు కన్నడంలో ఏదో అడిగింది, ఈ పిల్లకు అర్థం కాలేదు. అయినా బిడ్డను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. పేరు రాసుకోవాలంటే ఈడి నుంచి నంబరు పంపాలంట. ఆ టీచరు ఫోన్ నంబరు రాసుకున్నా. మా అమ్మ పుట్టిల్లు పావగడ, నాకు కన్నడం వచ్చు. రేపు సెంటర్ తెరవకముందే చేసి, టేపు మీద ఎంత వచ్చిందో చెప్పి, వారం వారం తూచమని అడగాల. ఆమె సరేనన్నాక వలస నొక్కుతా.