లింబాయత్‌లో ఒక దవడ పన్ను ఖరీదు

సూరత్ రింగ్ రోడ్డు చీరల మార్కెట్ల రద్దీ దాటి, రైలు పట్టాల కింది గర్నాలాలోంచి అవతలికి వెళితే లింబాయత్. ఇక్కడ తెలుగు వినడానికి చెవులు రిక్కించనక్కర్లేదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ బస్తీల్లో తరాలుగా ఉన్నాయి. కార్పొరేషన్ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాల సరసన తెలుగు మాధ్యమమూ ఉంది. మా చిన్నాయన కొడుకు ఇక్కడే సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. కింది దవడ పన్ను సలుపుతోందని, నెల నుంచి ఒక పక్కనే నములుతున్నానని ఫోన్లో చెప్పాడు. పంటి వైద్యం ఖర్చు మీద రాయాలని అప్పటికే అనుకుంటున్నాను కాబట్టి బయల్దేరాను. ఆ ఒక్క పన్నును వెంటబెట్టుకుని ఊరంతా తిరిగితే లెక్క తేలుతుందనిపించింది.

నేను వెళ్ళేసరికి బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది. లవంగ నూనె అయిపోయింది, మెడికల్ షాపు గోలీలు నడుస్తున్నాయి. ‘‘మరి దవాఖానకు పోలేదేం తమ్మీ?’’ అంటే, ‘‘నాగా అయితది గద అన్నా’’ అన్నాడు. ఇక్కడి కార్ఖానాల్లో పన్నెండు గంటల పాళీ. పొద్దున ఏడింటికి ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు, మళ్ళీ సాయంత్రం ఏడింటికి మారతారు. కూలి నేసిన మీటర్ల లెక్కన. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. మంచి నెలలో 18 వేల దాకా వస్తుందట, అంటే పాళీ పోతే 700 రూపాయలు పోయినట్టే. ఈ 700 గుర్తుంచుకోండి. పంటి ఖర్చంతా చివరికి దీని దగ్గరికే వచ్చి ఆగింది.

సూరత్‌లో ప్రజల డబ్బుతో నడిచే పెద్దాసుపత్రులు రెండు. మజూరా గేట్ దగ్గర రాష్ట్ర ప్రభుత్వపు న్యూ సివిల్, ఉమర్వాడాలో కార్పొరేషన్ సొంతంగా నడుపుకునే స్మీమేర్. రెండూ వైద్య కళాశాలలే, రెంటిలోనూ దంత విభాగం ఉంది. మునిసిపాలిటీ వైద్య కళాశాల నడపడం మన వైపు వినం. 1994 ప్లేగు ఈ ఊరిని వణికించిన మరుసటి ఏడాది ఈ కార్పొరేషన్‌కే కమిషనర్‌గా వచ్చి, చెత్తకుప్పగా పేరుపడ్డ నగరాన్ని దేశానికి చూపించుకునేలా మార్చిన ఎస్.ఆర్. రావు మన తెలుగువారే. ఆ పేరు చెప్పగానే ఇక్కడి పాతతరం ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. వీధులు బాగుపడ్డాయి, ప్రజారోగ్య విభాగం బలపడింది. నోటి దాకా ఆ చీపురు రాలేదు, అది వేరే మాట.

ఈ రెండు ఆసుపత్రుల్లో ఒకదానికి పొద్దున్నే వెళ్ళాం. కేస్ పేపర్‌కు ఇచ్చింది టీ డబ్బులంత. వరస మాత్రం పొడుగు. దంత విభాగం తలుపు దగ్గర బెంచీ మీద మా ముందు ఒక ఒడియా కుర్రాడు, మనవడిని తెచ్చుకున్న మరాఠీ ముసలమ్మ, చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్న రంగుల మిల్లు కార్మికుడు. లోపల యువ డాక్టరమ్మ ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలకు మించి ఇవ్వలేకపోతోంది. విసుక్కోవడం మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఆమె ముందు పన్ను చూడలేదు. ‘‘మూడు వేళ్ళు నిలువుగా పెట్టి నోట్లో దూర్చు భాయ్’’ అంది. మావాడు చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపి దూర్చబోయాడు. రెండే పట్టాయి, మూడోది పళ్ళ దగ్గరే ఆగిపోయింది. బుగ్గ లోపలి చర్మాన్ని ఆమె వేలితో తడిమి, తెల్లబారి తాడులా గట్టిపడిన చోటు అద్దంలో చూపించింది. ‘‘మావా ఎన్నేళ్ళ నుంచి?’’ అనడిగింది. మావాడు తల దించుకున్నాడు.

మావా అంటే పోకచెక్క తరుగు, పొగాకు, తడిసున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేతుల మధ్య నలిపి ఇచ్చే సరుకు. గుజరాత్‌లో గుట్కాను 2012లోనే నిషేధించారు. మావా అప్పటికప్పుడు కలిపేది కాబట్టి పాన్ దుకాణాల్లో దాని రాజ్యం దానిదే. రాత్రి పాళీలో కునుకు రాకుండా నోట్లో పెట్టుకుంటారు. సాంచాల మోతలో నిద్రపోతే వేళ్ళు పోతాయి, నిద్ర ఆపుకుంటే నోరు పోతుంది. పోకచెక్క వల్ల బుగ్గల లోపల నారలా గట్టిపడి నోరు తెరుచుకోకుండా పోయే ఈ జబ్బు కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు 1960ల్లోనే అయిదు జిల్లాల్లో యాభై వేల మంది పల్లె జనం నోళ్ళు తెరిపించి చూశారు. ఆ అయిదింటిలో గుజరాత్ నుంచి భావనగర్, మన వైపు నుంచి శ్రీకాకుళం ఉన్నాయి. శ్రీకాకుళం ఎందుకంటే నిప్పు నోట్లో పెట్టి చుట్ట కాల్చే అడ్డపొగ. అన్నేళ్ళ కింద తెలిసిన సంగతికి ఇవాళ్టికీ ఈ బెంచీ మీద వరస ఉంది.

ఎక్స్‌రే తీశారు. చెడింది కింది మొదటి దవడ పన్ను. ఆరేళ్ళకే మొలుస్తుంది కాబట్టి పాలపన్నే, ఊడి మళ్ళీ వస్తుందిలే అని ఇళ్ళలో దాని పుచ్చును పట్టించుకోరు. మళ్ళీ రాదు. పిప్పి నరం దాకా దిగింది. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. పీకేయడం: మందులతో వాపు తగ్గాక ఒక పూట పని, ఖర్చు లేదు. రూట్ కెనాల్: మూడు నాలుగు సార్లు రావాలి, తేదీలు దొరికినప్పుడే. పైన క్యాప్ బయట వేయించుకోవాలి. ఆమె దాచిపెట్టింది ఏమీ లేదు. పీకడానికి ఒక సూది, ఒక పటకారు, పదిహేను నిమిషాలు చాలు. ఆ పన్నుకు మూడో నాలుగో సన్నటి కాలువలుంటాయి. వాటిని వెంట్రుకంత ఆకురాళ్ళతో గీకి, కడిగి, ఆరబెట్టి, గట్టా పెర్చా అనే చెట్టుపాల జిగురు కడ్డీలతో నింపాలి. గంటకు పైగా కుర్చీ ఒక్కరికే ఇవ్వాలి. బయట వరసలో ఉన్నవాళ్ళ సంగతేమిటి? ప్రభుత్వ దవాఖానలో పన్ను పోవడానికి డాక్టర్ల అశ్రద్ధ కారణమని అందరం తేలిగ్గా అనేస్తాం. నాకు కనిపించింది కుర్చీల లెక్క.

బయటికొచ్చి టీ బండి దగ్గర లెక్క వేశాం. రూట్ కెనాల్‌కు నాలుగు పూటలు అంటే నాలుగు పాళీలు, 2,800. బయట క్యాప్ మరో 3 వేలు. ఉచిత వైద్యం దాదాపు 6 వేలయింది. పీకిస్తే ఒక్క పాళీ, 700తో సరి. మావాడు ఆ రెండో లెక్కే రెండుసార్లు చదివించుకున్నాడు.

సాయంత్రం ఉధనా వైపు ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాం. గాజు తలుపు, ఏసీ, గోడ మీద నవ్వుతున్న అమ్మాయి. రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. దాని అసలు బలం ఏసీ కాదు, ఆ వేళలే. డాక్టరు మొహమాటం లేకుండా ధరలు చెప్పాడు. పీకడం 500 నుంచి, రూట్ కెనాల్ 4 వేలు, లోహం మీద పింగాణీ పూసిన క్యాప్ 3 వేలు, జిర్కోనియా అయితే 7 వేల పైమాట. పీకించుకుని ఖాళీ ఉంచకుండా స్క్రూ బిగించి పన్ను పెట్టించాలంటే పాతిక వేలు. అంటే ఇవాళ 700తో తేలిన బేరానికి అసలు బిల్లు వెనక ఎక్కడో ఉంది. ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, పై పన్ను కిందికి జారుతుంది, నమిలే పక్క మారుతుంది.

మా పంటికి ఎక్స్‌రే, మందులు కలిపి 7,500 చెప్పాడు. నోరు రెండు వేళ్ళే తెరుచుకుంటోంది కాబట్టి వెనకపళ్ళకైతే ఇంకా కష్టమయ్యేదని, ఇది కాస్త ముందుంది కనక చేయగలనని అన్నాడు. రూట్ కెనాల్ చేయించుకున్న పేదవాళ్ళలో చాలామంది క్యాప్ దగ్గర ఆగిపోతారని ఆయనే చెప్పాడు. నొప్పి పోయింది కదా, ఇంకెందుకని. నరం తీసిన పన్ను పెళుసు, క్యాప్ లేకుండా గట్టివి కొరికితే నిలువునా చీలుతుంది. అప్పుడు దాన్ని పీకక తప్పదు, 4 వేలూ నీళ్ళపాలు.

మరి ఈ క్యాప్‌కు 3 వేలు ఎందుకు? ఆ ప్రశ్న పట్టుకుని మర్నాడు ఒక డెంటల్ ల్యాబ్‌కు వెళ్ళాను. రెండు గదులు, కిటికీ పక్కన వరసగా బల్లలు. క్లినిక్‌ల నుంచి వచ్చిన అచ్చుల్లో జిప్సం పోసి దవడ బొమ్మలు తీస్తున్నారు. ఒక కుర్రాడు మునుపు వజ్రాల సానపని చేసేవాడట. ఆ పని తగ్గాక ఇటు వచ్చాడు. సన్నటి కుంచెతో పింగాణీ ముద్దను లోహపు టోపీ మీద పొరలు పొరలుగా పెడుతున్నాడు, ప్రతి పొరకూ కాగితపు గుడ్డతో తడి లాగేస్తున్నాడు. తర్వాత అది తొమ్మిది వందల డిగ్రీల కొలిమిలోకి పోతుంది. పక్క గదిలో యంత్రం సుద్దబిళ్ళ లాంటి జిర్కోనియాను చెక్కుతోంది. చెక్కిన పన్ను అసలు కొలత కంటే ఐదో వంతు పెద్దదిగా ఉంది. ‘‘ఇదేంటి, ఏనుగుకా?’’ అన్నాను. నవ్వి, కొలిమిలో పదిహేను వందల డిగ్రీల దగ్గర కుంచించుకుని సరిగ్గా కూర్చుంటుందన్నాడు. లోహపు క్యాప్‌కు క్లినిక్ నుంచి ల్యాబ్‌కు వచ్చేది వందల్లోనే. మిగిలింది అద్దె, కుర్చీ వాయిదాలు, డాక్టరు చేతిపని, అప్పు తెచ్చి కట్టిన కాలేజీ ఫీజు. దోపిడీ అని తీసిపారేయలేను. కానీ ఈ వందలే సర్కారు దవాఖాన టోకున కట్టి, ల్యాబ్‌తో ఒప్పందం చేసుకుంటే ఎన్ని పళ్ళు నిలబడతాయో అనే ఆలోచన మాత్రం వదల్లేదు.

కార్డుల సంగతి కూడా చూశాను. ఆయుష్మాన్ భారత్ 2018లో కుటుంబానికి 5 లక్షలతో మొదలైంది, గుజరాత్ 2023లో దాన్ని 10 లక్షలు చేసింది. అది ఆసుపత్రిలో చేరినవాళ్ళకు. దంతాల కుర్చీలో కూర్చున్నవాడు గంటలో లేచి ఇంటికి పోతాడు, కాబట్టి రోగి కిందికి రాడు. మావా ముదిరి దవడ ఎముక తీసేయాల్సి వస్తే కార్డు పనిచేస్తుంది, ఇవాళ పన్ను నిలబెట్టడానికి పనిచేయదు. ఈఎస్ఐ అయితే వేరు. నెల జీతం 21 వేల లోపు వారికి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం, పంటి వైద్యమూ అందులో భాగం. దానికి పేరు రిజిస్టర్లో ఉండాలి. ‘‘సేఠ్ నోట్‌బుక్కుల మీటర్లుంటయ్ అన్నా, మా పేర్లుండయ్’’ అన్నాడు మావాడు. ఊరికి పోయినప్పుడు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలలో చేయించుకోవచ్చుగా అన్నాను. దసరాకు ఇచ్చే సెలవు చుట్టాల ఇళ్ళకే చాలదట.

పన్నును మిగతా ఒంటి నుంచి వేరుచేసి చూడటం మన దగ్గరొక్కచోటే కాదు. బ్రిటన్‌లో 1948లో అందరికీ ఉచిత వైద్యం పెట్టినప్పుడు కట్టుడుపళ్ళ కోసం జనం ఎగబడ్డారు. మూడేళ్ళు తిరక్కుండానే ఖజానా బెంబేలెత్తి, ఆ కట్టుడుపళ్ళ మీద, కళ్ళద్దాల మీద రుసుము పెట్టింది. పథకాన్ని కట్టిన మంత్రి అనూరిన్ బెవన్ ఆ కోపంతోనే 1951 ఏప్రిల్‌లో రాజీనామా చేశాడు. ఉచిత వైద్యపు గోడలోంచి మొదట ఊడిన ఇటుక పన్నే.

మావాడు చివరికి ప్రైవేటుకే మొగ్గాడు. రూట్ కెనాల్ ఇప్పుడు, క్యాప్ దీపావళి బోనస్ వచ్చాక. నడుమ ఆ పక్క శనగలు, బొమికలు కొరకొద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. మావా గురించి కూడా రాశాడు, పెద్ద అక్షరాల్లో.

తిరుగు రైలు ఎక్కే ముందు నా ఆలోచన చెప్పాను. లింబాయత్‌లో కార్పొరేషన్ ఒక దంత కుర్చీని సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా నడిపితే చాలు, సగం నాగాలు తప్పుతాయి కదా అని. మావాడు ఒప్పుకోలేదు. ‘‘అయిదుకు ఎవడొస్తడన్నా? పగటి పాళీ ఏడింటికి దిగుతది, రాత్రి పాళోడు అప్పుడే పనికెక్కుతడు. వానికి పొద్దుగాల ఏడింటికి కావాలె, పండుకోకముందే. నువ్వు రాస్తే గిది రాయి: ఏడింటి నుంచి తొమ్మిది, రెండు పూటలు.’’